చప్పట్లు కాదు, జతగా పరుగెత్తాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం గెలిస్తే ఓరుగల్లంతా సంబరపడ్డది. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం అది. చిన్నప్పుడు ఆ అమ్మాయి ఊళ్లో ఎన్ని మాటలు పడిందో తల్లిదండ్రులే తర్వాత చెప్పుకున్నారు. అలాంటి పిల్లలు మన ఊళ్లలో ఇంకా ఎంతోమంది ఉన్నారు. పతకం రాకముందు వాళ్లతో కూర్చుని మాట్లాడేది ఎవరు?

ఆ పోటీల్లోనే సిమ్రన్ శర్మ 200 మీటర్ల టీ12 పరుగులో కాంస్యం గెలిచింది. ఆమెకు చూపు బాగా తక్కువ. పక్కన గైడ్ అభయ్ సింగ్ పరుగెత్తాడు. ఇద్దరి చేతులకూ కలిపి ఒక చిన్న తాడు ఉంటుంది. చేతులు ఒకేసారి ఊగాలి, అడుగులు ఒకేసారి పడాలి. గైడ్‌కు ఆమెకన్నా వేగం ఉండాలి, కానీ ఆ వేగాన్ని ఆపుకోవాలి. ముగింపు గీతను గైడే ముందు దాటితే ఆ పరుగే చెల్లదు. ఇది జాలితో వచ్చే పని కాదండీ. నెలల తరబడి కలిసి ప్రాక్టీస్ చేసి, ఒకరి ఊపిరి ఒకరికి తెలిస్తేనే కుదురుతుంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం వస్తుందంటే జిల్లాల్లో ఆటల పోటీలు పెడతారు. మంచిదే. కానీ చూడటానికి వచ్చేది ఆ పిల్లల అమ్మానాన్నలు, టీచర్లే. పక్క బడి పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఒకే వాడలో పెరిగినా ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

స్పెషల్ ఒలింపిక్స్ వాళ్లు 'యూనిఫైడ్ స్పోర్ట్స్' పేరుతో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే జట్టులో ఆడిస్తున్నారు. మన జిల్లాల్లోనూ అలా చేయాలని విద్యా, క్రీడా శాఖల అధికారులను కోరుతున్నాను. హైస్కూలు పిల్లలను గ్యాలరీలో కూర్చోబెట్టడం కాదు, ట్రాక్ మీదికి దింపండి. చూపులేని పిల్లలకు గైడ్లుగా ముందునుంచే పీఈటీ సార్లతో ట్రైనింగ్ ఇప్పించండి. హనుమకొండ జేఎన్ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉండనే ఉంది. తాడుకయ్యే ఖర్చెంత?

మీ పత్రికకూ ఒక మనవి. ఈసారి పోటీల తేదీ, చోటు వారం ముందే జిల్లా పేజీలో వేయండి. మా కాలనీ పిల్లలను వెంటబెట్టుకుని వస్తాం.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ