ఇంటి సర్వర్‌కు విడిగా ఒక చిన్న పెట్టె ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి మీడియా సర్వర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు, వీడియోలు, పాటలు ఒకచోట పెట్టుకుని ఇంట్లో ఏ టీవీలోనైనా, ఏ ఫోన్లోనైనా చూసుకోవడం ఎలాగో బాగా చెప్పారు. కానీ పిల్లల గేమింగ్ కంప్యూటర్ ఉంటే అదే చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు అన్న సలహా దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మేము ఏడాదిన్నర పాటు అలాగే నడిపాం. నేను విద్యుత్ బిల్లింగ్ విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కనుక కరెంటు లెక్క కూడా రాస్తాను. అయితే మేము పోగొట్టుకున్నది కరెంటు ఒక్కటే కాదు.

మా మామగారు కోనసీమలో బడిపంతులు. టేప్ రికార్డర్ కొన్న ఏడాది నుంచి ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ఏ హరికథ జరిగినా ముందు వరసలో కూర్చుని రికార్డు చేసేవారు. ఆయన పోయాక 41 క్యాసెట్లు మిగిలాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంట పడుతుంది, దానికి దగ్గర దారి లేదు. టేపు సాగిందా, పక్కవైపు శబ్దం వస్తోందా అని చెవి పెట్టి వింటూ కూర్చోవాలి. రోజూ మధ్యాహ్నం కూర్చుంటే రెండు నెలలు పట్టింది. మా అబ్బాయి తన గేమింగ్ కంప్యూటర్లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి అవన్నీ అందులో పెట్టాడు. మా పెళ్లి వీడియో, పిల్లల బారసాలలు, అన్నప్రాశనలు కూడా చేర్చాడు. మా అత్తయ్యగారికి 86 ఏళ్లు. సాయంత్రం ఏడింటికి దీపం పెట్టి, తన గదిలో టీవీ ముందు కూర్చుని హరికథ వినడం ఆవిడకు అలవాటైపోయింది. ప్రతి క్యాసెట్ మొదట్లోనూ మామగారు తేదీ, ఊరు, దాసుగారి పేరు చెబుతారు. ఆ పది సెకన్ల కోసమే ఆవిడ ముందుగా వచ్చి కూర్చుంటారని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

ఇబ్బందులు నెలలోపే మొదలయ్యాయి. జాగా కలిసొస్తుందని అబ్బాయి వీడియోలన్నీ హెచ్.265 అనే పద్ధతిలోకి మార్చాడు. హాల్లో ఉన్న మా పాత టీవీకి అది చదవడం రాదు. అలాంటప్పుడు సర్వర్ ఆ వీడియోను టీవీకి తెలిసిన రూపంలోకి అప్పటికప్పుడు మారుస్తూ పంపాలి. జెల్లీఫిన్‌లో సెట్టింగ్ మార్చకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. మేము హాల్లో బారసాల వీడియో పెట్టగానే పైగదిలో వాడి ఆట తడబడేది, వాడు విసుక్కునేవాడు. తరవాత ఆ పని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తే కొంత తగ్గింది. వ్యాసంలో ఈ సంగతి ఒక్కటి చెప్పి ఉన్నా చాలామందికి టెన్షన్ తగ్గేది.

సెట్టింగులతో తీరని ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఒకసారి అబ్బాయి ఆఫీసు పని మీద నాలుగు రోజులు హైదరాబాద్ వెళ్లాడు. ఆ రాత్రే విండోస్ అప్‌డేట్ పడి కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయి పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోయింది. మేము వేసుకున్న పద్ధతిలో ఎవరో ఒకరు లాగిన్ అయితే తప్ప సర్వర్ మొదలు కాదు. పాస్‌వర్డ్ మాకు తెలియదు. వాడు మీటింగుల్లో ఉండి ఫోన్ తీయలేదు. ఏడున్నర దాకా చూసి అత్తయ్యగారు "దాసుగారు ఇవాళ రాలేదేం అమ్మాయ్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కరెంటు పోయిన రోజుల్లోనూ ఇదే వరస. ఆట ఆడేటప్పుడు ఆ కంప్యూటర్ 350 వాట్లు దాటుతుంది కనుక ఆ గది ప్లగ్గు ఇన్వర్టర్‌కు కలపలేదు. డిస్కు మీద ఏదో రాస్తున్నప్పుడు అలా ఉన్నట్టుండి ఆగిపోవడం అందులోని ఫైళ్లకు మంచిది కాదు.

అసలు దెబ్బ కిందటి వేసవిలో తగిలింది. ఇప్పటి పెద్ద ఆటల్లో కొన్ని వంద జీబీ దాటుతున్నాయి. కొత్త ఆటకు చోటు చాలక అబ్బాయి ఒక రాత్రి పాత ఫోల్డర్లు తీసేశాడు. వాటిలో "పాతవి 2" అన్న ఫోల్డర్ ఉంది. ఆ పేరు పెట్టింది నేనే. రీసైకిల్ బిన్‌లో పట్టనంత పెద్దది కావడంతో నేరుగా చెరిగిపోయింది. నాలుగు రోజుల తరవాత మేము గమనించేసరికి ఆ చోటులో ఆట ఎక్కేసింది, ఇక తిరిగి రాబట్టే దారి లేకపోయింది. అందులో తొమ్మిది క్యాసెట్ల హరికథలున్నాయి. పెట్టెలోంచి క్యాసెట్లు తీసి మళ్లీ ఎక్కించాను. ఆరు వచ్చాయి. మూడింటికి బూజు పట్టి టేపు అంటుకుపోయింది. ఆ మూడింటి మొదట్లో ఉన్న మామగారి మాట కూడా పోయింది. వాడు ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు. వాడిని నేనేమీ అనలేదు. ఒక కుర్రవాడి ఆటసామానూ, ఇంటిల్లిపాదీ దాచుకున్నదీ ఒకే అరలో పెట్టిన తప్పు మా అందరిదీ.

ఇక కరెంటు. ప్లగ్గుకు పెట్టే చిన్న మీటర్ తెచ్చి నేనే కొలిచాను. ఆ కంప్యూటర్ ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే 78 వాట్లు. నెలంతా వదిలేస్తే 56 యూనిట్లు. కానీ ఆ 56 మొత్తాన్నీ సర్వర్ ఖాతాలో రాయడం న్యాయం కాదు. అబ్బాయి ఎలాగూ రోజుకు ఆరు గంటలు దాన్ని వాడుకుంటాడు. సర్వర్ కోసం అదనంగా ఆన్‌లో ఉంచేది 18 గంటలు. అంటే నెలకు 42 యూనిట్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 యూనిట్ల మధ్య యూనిట్ 8 రూపాయల 75 పైసలు. మా ఇంటి వాడకం సర్వర్ లేకుండానే 260 దాకా ఉంటుంది కాబట్టి ఈ 42 యూనిట్లూ ఆ శ్లాబులోనే పడతాయి. నెలకు 368 రూపాయలు. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. వేసవిలో ఏసీ తోడై 400 దాటితే యూనిట్ 9 రూపాయల 75 పైసలు.

ఇప్పుడు మా ఇంట్లో సర్వర్‌గా నడుస్తున్నది ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్. డిక్షనరీ అంత ఉంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. మాకు 7,500కి వచ్చింది. ప్రాసెసర్ ఇంటెల్ ఏడో తరం ఐ5. హెచ్.265 వీడియోను మార్చే పని ఆ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగం చేసుకుంటుంది, విడిగా కార్డు అక్కర్లేదు. కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అబ్బాయి కంప్యూటర్ అలాంటిదే. కొత్త పెట్టెలో విండోస్ తీసేసి, దాని బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. డిస్కుతో కలిపి 18 వాట్లు, నెలకు 13 యూనిట్లు, 114 రూపాయలు. మిగిలేది నెలకు సుమారు 255. అంటే పెట్టె ఖరీదు తిరిగి రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది. కరెంటు ఆదా ఒక్కదాని కోసమే కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఆ పెట్టె రౌటర్ పక్కన ఉంది, ఇన్వర్టర్‌కు కలిపాం. కరెంటు ఎంతసేపు పోయినా, తిరిగి రాగానే ఎవరూ ముట్టుకోకుండా లేచి సర్వర్ మొదలుపెట్టేలా సెట్ చేశాడు. అందరం చూడొచ్చు, వినొచ్చు. తీసేసే హక్కు మాత్రం ఒక్క ఖాతాకే ఉంది. ఆ పాస్‌వర్డ్ నా దగ్గర కాగితం మీద ఉంది. ఇంత చేసినా ఈ పెట్టెలో ఉన్నది ఒక్క ప్రతే కదా. అందుకని ఇంకో డిస్కు మీద అన్నీ ఎక్కించి కాకినాడలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం. దసరాకు, సంక్రాంతికి తెప్పించి కొత్తవి చేరుస్తున్నాం.

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో ఒక్కడే ఉంటాడు. గేమింగ్ కంప్యూటర్లోనే సర్వర్ పెట్టుకున్నాడు. రాత్రి వచ్చాక ఆన్ చేసుకుంటాడు, చూస్తాడు, ఆపేస్తాడు. వాడికి అది హాయిగా సరిపోతోంది, ఇంకొకటి కొనమని నేనూ చెప్పలేదు. కానీ మీ పత్రిక చదివేవాళ్లలో పెద్దవాళ్లున్న ఇళ్లు ఎక్కువ. వాళ్లకు కావలసిన సమయానికి, ఎవరినీ పిలవక్కర్లేకుండా అది పలకాలి. అందుకే ఆ వ్యాసానికి తరువాయి భాగం వేస్తే ఈ వాట్ల లెక్కనూ, రెండో ప్రతి సంగతినీ తప్పకుండా చేర్చమని కోరుతున్నాను. క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని ఈ వానాకాలం లోపే ఎక్కించుకోవాలని కూడా రాయండి. మా మూడు క్యాసెట్ల బూజు తేమ వల్ల పట్టిందే.

ఇట్లు,
విశ్రాంత విద్యుత్ ఉద్యోగిని,
దానవాయిపేట, రాజమహేంద్రవరం