మన పిల్లల ట్రాప్ షూటింగ్ జట్టు: తల్లిదండ్రుల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. మన పిల్లల ట్రాప్ షూటింగ్, అంటే గాల్లోకి ఎగరేసే క్లే బిళ్లల్ని తుపాకీతో కొట్టే ఆట, కోసమే ఈ సంఘమని అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా సీజన్ సంగతికి వస్తాను.

మినెసోటాలో వసంతం అంటే పేరుకే. ఏప్రిల్ చలిలో, వేళ్లు కొంకర్లు పోతుంటే పిల్లలు ప్రాక్టీసు మొదలుపెట్టారు. లీగ్ పోటీ ఐదు వారాలు. ప్రతి జట్టూ తన షూటింగ్ రేంజ్‌లోనే కాల్చి స్కోర్లు ఆన్‌లైన్‌లో పంపుతుంది కాబట్టి అవతలి జట్టు మొహం కూడా కనపడదు. ఒక్కొక్కరికి వారానికి 50 క్లేలు. చూసేవాళ్లు లేరు, చప్పట్లు లేవు. అయినా వారం వారం స్కోరు పెంచుకుంటూ వచ్చారు. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు కూడా సేఫ్టీ సర్టిఫికెట్ తెచ్చుకుని లైన్ మీద నిలబడ్డారు. తమ వంతు వచ్చేదాకా తుపాకీలో తూటా పెట్టే చోటు తెరిచే ఉంచాలన్న నియమాన్ని ఒక్కరూ తప్పలేదు. నాకు స్కోర్ల కన్నా ఇదే ఎక్కువ.

ఇక జూన్‌లో అలెగ్జాండ్రియాలో జరిగిన రాష్ట్ర టోర్నమెంట్. రోజుల తరబడి సాగే ఆ పోటీకి వేలమంది పిల్లలు వస్తారు. ఒక్కొక్కరు రౌండ్‌కి 25 చొప్పున 100 క్లేలు కాల్చాలి. జట్టుగా మనకు ట్రోఫీ రాలేదు. కానీ మన తొమ్మిదో తరగతి అమ్మాయి మూడో రౌండ్‌లో 25కి 25 కొట్టింది. రౌండ్‌లో ఐదు స్టేషన్లు, అంటే నిలబడి కాల్చే చోట్లు, వరసగా తిరుగుతూ ఒక్కోచోట ఐదేసి కాల్చాలి. తను మూడో స్టేషన్‌లో మొదలుపెట్టింది కాబట్టి చివరి ఐదు రెండో స్టేషన్‌లో పడ్డాయి. గాలి ఎదురు కొడుతోంది, క్లేలు ఉన్నట్టుండి పైకి లేస్తున్నాయి. 23వది ఎడమకి దూసుకుపోయింది. తుపాకీ పేలాక కూడా అది అలాగే ఎగురుతోంది, వెనక నిలబడ్డ మాకు గుండె జారిపోయింది. కానీ అంచు నుంచి చిన్న పెచ్చు ఊడి పడటం స్కోరర్ చూశారు. పెచ్చు కంటికి కనపడితే చాలు, కొట్టినట్టే లెక్క. మిగతా రెండూ నుగ్గునుగ్గయ్యాయి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కైనాన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం గెలిచిన వీడియో ఆ పిల్ల ఎన్నిసార్లు చూసిందో వాళ్లమ్మగారిని అడగండి!

కోచ్‌లకు, ఎండా వానా చూడకుండా స్కోర్లు రాసిన పెద్దలకు, తమ తుపాకులు పిల్లలకు ఎరువిచ్చిన గన్ క్లబ్ సభ్యులకు, అలెగ్జాండ్రియాకు పులిహోర, పెరుగన్నం మోసుకొచ్చిన అక్కలకు, తెల్లవారుజామున బయల్దేరి కార్లు నడిపిన అన్నలకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు అందరికీ పంపారు. తూటాల ధర పెరిగింది, అక్కడే ఎక్కువ ఖర్చయింది. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి ఈ నెలలోనే కట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్పక తప్పదు. స్కూల్ ఆవరణలోకి తుపాకీ తేకూడదు, అందుకని మనకు స్కూల్ బస్సు లేదు. పిల్లల్నీ, తుపాకీ పెట్టెల్నీ రేంజ్‌కి చేర్చేది మన కార్లే. వాట్సాప్‌లో సరే అని, తీరా ఆ రోజు ఫోన్ ఎత్తకపోతే ఎలా? మే నెలలో ఒక సాయంత్రం కారు రాక, నలుగురు పిల్లలు పార్కింగ్ లాట్‌లోనే ఉండిపోయారు. ఆ సాయంత్రం వాళ్లు కాల్చలేకపోయారు. ఏడాదంతా కార్లు నడిపింది ఓ ఐదారు కుటుంబాలే. వాళ్లకీ ఉద్యోగాలున్నాయి, వాళ్లకీ చిన్నపిల్లలున్నారు. ఇంకో సంగతి. జట్టు ఫోటో స్కూల్ ఏటా వేసే ఇయర్‌బుక్‌లో వేయమని స్కూల్ ఆఫీసుకు రాసిన ఉత్తరాలకు ఇప్పటికీ జవాబు లేదు. మిగతా ఆటల పిల్లలకున్న గౌరవం వీళ్లకీ దక్కాలి. కొత్త కమిటీ ఈ విషయం వదిలిపెట్టకూడదని నా విన్నపం.

వచ్చే సీజన్ డ్రైవర్ల జాబితా సమావేశంలో బల్ల మీద ఉంటుంది. మీరు కారు తేగలిగే రోజులు మీ చేత్తోనే రాసి, పక్కన సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి