హాలుకీ లాడ్జికీ మధ్య ఒక పంచ కావాలి: ఒడిశా పట్టణాభివృద్ధి మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా ప్రభుత్వ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,
భువనేశ్వర్.

అయ్యా, నమస్కారం.

మా లాడ్జీల నుంచి సదస్సు హాలు దాకా, ఇంటి ముందు పంచలా కప్పున్న నడక దారి కట్టించమని అడిగే ఉత్తరం ఇది. దీని ఒడియా ప్రతి మీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మళ్ళీ తెలుగులో ఎందుకంటే, మా బరంపురంలో లాడ్జీలు, మెస్సులు, పట్టు చీరల కొట్లు నడిపేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కదా. మా అందరి తరఫునా నేను మీకేం రాస్తున్నానో వాళ్ళూ చదవాలి, తప్పుంటే నన్ను నిలదీయాలి.

స్టేషన్‌కి దగ్గర్లో ఒక సందులో మాకు పద్దెనిమిది గదుల లాడ్జి ఉంది. మా నాన్నగారు పెట్టింది. పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళివాళ్ళు, మిగతా రోజుల్లో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు, పెద్దాసుపత్రికి వచ్చే పేషెంట్ల బంధువులు. అప్పుడప్పుడూ ఊళ్ళో ఏదైనా సదస్సు జరిగితే మాకు రెండు మూడు రోజులు పండగే.

రెండేళ్ళ కిందట అక్టోబరులో అలాంటి సదస్సే ఒకటి జరిగింది. ఏ హాలు, ఎవరు పెట్టారు అన్నది ఇక్కడ అనవసరం. మా లాడ్జి గుమ్మం నుంచి ఆ హాలు గేటు దాకా టేపు పెట్టి కొలిస్తే 340 మీటర్లు. తీరిగ్గా నడిచినా ఐదు నిమిషాలు. ఆ రోజు తుఫానేమీ లేదు, మామూలు ముసురే. ఉదయం తొమ్మిదికల్లా సందులో మోకాలి కింది దాకా నీళ్ళు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో చుట్ట చుట్టిన పోస్టరు గుండెకి హత్తుకుని మా మెట్ల మీద నిలబడిపోయారు. ఆటోవాడు అరవై రూపాయలు అడిగాడు. అతన్నీ అనలేం. సైలెన్సర్లోకి నీళ్ళు పోతే ఆ రోజు సంపాదన మెకానిక్ పాలే.

చివరికి మా రూముబాయ్ రిసెప్షన్‌లో ఉండే పెద్ద గొడుగు తీసి, పడవవాడు రేవు దాటించినట్టు ఇద్దరిద్దర్ని దాటించాడు. పదకొండు ట్రిప్పులు. దారిలో ఒకచోట డ్రైను మీద పలక లేదు. ఎవరో పుణ్యాత్ముడు ఆ కంతలో కొబ్బరి మట్ట గుచ్చి పెట్టాడు. నీళ్ళు నిండాక మనిషి ప్రాణానికి ఆ మట్టే దిక్కు. నాలుగో ట్రిప్పులో మట్ట కనబడక ఒక పెద్దాయన కాలు అందులో పడింది. ఎముక విరగలేదు గానీ ఆయన ప్రసంగం తడి ప్యాంటుతోనే సాగింది. మరుసటి ఏడాది ఆ సదస్సు విశాఖపట్నం వెళ్ళిపోయింది. కారణం నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి మా అబ్బాయి ఫోనులో చూపించాడు. అమెరికాలో ఇండియానాపొలిస్ అనే ఊళ్ళో కన్వెన్షన్ సెంటర్‌కి పన్నెండు హోటళ్ళు మూసిన నడక వంతెనలతో కలిసి ఉన్నాయి. గదిలోంచి బయలుదేరిన మనిషి బూటుకి చుక్క తడి అంటకుండా హాల్లో కూర్చుంటాడు. మినియాపొలిస్‌లో ఇలాంటి వంతెన మొదట కట్టింది 1962లో. కెనడాలోని కాల్గరీలో 1970లో మొదలైంది, నేల నుంచి పదిహేను అడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి దాని పేరే ప్లస్ ఫిఫ్టీన్. మా వ్యాపారం చేసేవాడికి ఇందులో కిటుకు వెంటనే అర్థమవుతుంది. సదస్సు పెట్టేవాళ్ళు నాకు ఫోన్ చేసినప్పుడు అడిగే మొదటి మాట హాలు ఎలా ఉందని కాదు, 'నడిచి వచ్చేంత దూరంలో ఎన్ని గదులు దొరుకుతాయి?' అని. ఆ పన్నెండు హోటళ్ళూ కలిసి ఒకే పెద్ద హోటలు లెక్కన బేరమాడతాయి. మా సందులోనూ, చుట్టుపక్కలా ఉన్న చిన్న లాడ్జీలన్నీ అలా కలిస్తే! నిజం చెప్పొద్దూ, నాకు నోరూరింది.

తర్వాత కుదురుగా ఆలోచిస్తే గాజు గొట్టం లాంటి ఆ వంతెన మనకి నప్పదనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

వాళ్ళది చలి బాధ. జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయే ఊళ్ళవి. మూసిన గొట్టంలో హీటరు పెట్టుకుంటే సుఖం. మనది ఉక్కపోత. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఆ గొట్టం ఇడ్లీ పాత్రే. పైగా తుఫాను గాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఎక్కడో కాదు, మాకు పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాలపూర్ దగ్గర. మా డాబా మీది రేకులు రెండు వీధుల అవతల దొరికాయి. అలాంటి చోట నడివీధి మీద గాజు పలకలు వేలాడదీస్తే, తుఫాను కబురు వచ్చిన ప్రతిసారీ మా అందరికీ అదో టెన్షన్.

ఎత్తు సంగతి చూడండి. లారీలు పోయే రోడ్డు మీద వంతెన వేస్తే కింద ఐదున్నర మీటర్ల ఖాళీ వదలాలి. దూలాల మందం కలిపితే నడిచే చోటు ఆరు మీటర్లు దాటుతుంది. మెట్టుకి పదిహేను సెంటీమీటర్లు వేసుకుంటే నలభై మెట్లకు పైనే. చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టాలంటే ఒకటికి పన్నెండు వాలున డెబ్బై మీటర్లకు పైగా, మధ్యలో ఆగే చోట్లు వేరే. అంత జాగా మా సందులో ఏదీ? మరి లిఫ్టు పెట్టాలి. హైదరాబాద్ ఉప్పల్‌లో 2023లో ప్రారంభించిన స్కైవాక్‌కి, అంటే రోడ్డు మీది నడక వంతెనకి, లిఫ్టులున్నాయి. పెద్ద కూడలి, మెట్రో స్టేషన్, నాలుగు వైపుల నుంచీ జనం. అక్కడ దాని అవసరం ఉంది, వాడుతున్నారు. ముంబైలో 2008 నుంచి వరసగా స్కైవాక్‌లు కట్టారు. వాటిలో కొన్నింటి మీద జనం కంటే పావురాలే ఎక్కువని అక్కడున్న మా మేనల్లుడు అంటాడు. వాటిలో మొట్టమొదటిదైన బాంద్రా స్కైవాక్ పాడైపోతే మూసేయాల్సి వచ్చింది.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. సదస్సుకి వచ్చినవాడు హాల్లో కాఫీ తాగి వెళ్ళిపోతే ఊరికి మిగిలేది ఏమిటి? మా సందులో అప్పడాల కొట్లు రెండు, ఊరగాయల కొట్టు ఒకటి, పట్టు చీరల కొట్టు ఒకటి, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి ఉన్నాయి. బరంపురం వచ్చినవాడు అప్పడాల కట్ట కొనకుండా రైలెక్కడు. బరంపురం పట్టుకి, ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఈ బేరాలన్నీ నడుస్తూ, తల తిప్పి చూసి, 'ఇదెంతమ్మా?' అని ఆగితే అయ్యేవే. మనిషిని ఇరవై అడుగుల పైకి ఎత్తి గొట్టంలో పంపిస్తే మా కొట్ల రేకులు తప్ప ఆయనకేం కనబడతాయి? అమెరికాలోనే సిన్సినాటి అనే ఊరు, పైనున్న దారులు కింది వీధుల్ని పాడుబెడుతున్నాయని, తాను కట్టుకున్న స్కైవాక్‌లో చాలా భాగం తానే పడగొట్టించింది.

మరి డాక్టరమ్మ చీర తడవకుండా ఏం చెయ్యాలి?

మా అమ్మమ్మది నేత వీధి. వరసగా ఇళ్ళు, ఇంటింటికీ ముందు పంచ, పంచలో అరుగు. ఒడియాలో మీరు దాన్ని పిండా అంటారు. ఒక ఇంటి పంచకీ పక్కింటి పంచకీ మధ్య గోడ ఉండేది కాదు. వర్షం పడుతుంటే మేం పిల్లలం వీధి ఈ కొస నుంచి ఆ కొస గుడి దాకా ఒక్క చుక్క పడకుండా పరుగెత్తేవాళ్ళం. దారిలో ప్రతి ఇంటి ముసలమ్మా ఓ తిట్టు తిట్టేది. అయ్యా, నేను అడిగేది ఆ పంచనే. 340 మీటర్ల పంచ.

నేల మీదే, డ్రైను పైనే. డ్రైనుకి తీసి పెట్టగలిగే కాంక్రీటు పలకలు వేసి, రోడ్డు కంటే జానెడు ఎత్తున నడక దారి. బజారు వీధుల్లో నడిచే జాగా రెండున్నర మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లోనే ఉంది, అంతకు తగ్గించొద్దు. పైన గాలికి లేచిపోని స్లాబు కప్పు, వాన జల్లు లోపలికి కొట్టకుండా ముందుకు వాలిన చూరు. కొట్ల వైపూ, వీధి వైపూ తెరిచే ఉండాలి. మెయిన్ రోడ్డు దాటేచోట మనిషి ఎక్కి దిగడం కాదు, రోడ్డునే నడక దారి ఎత్తుకి లేపండి, బండ్లు నెమ్మదించి ఎక్కి దిగుతాయి. బళ్ళవాళ్ళని తరిమేసి కట్టొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీని కూర్చోబెట్టి, వాళ్ళకి స్తంభాల మధ్య గీతలు గీసి ఇవ్వండి. బోర్డులు ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ రాయిస్తే సంతోషం. సగం మంది అతిథులు ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చేవాళ్ళే.

దీనికి ఖర్చెంతో నాకు తెలియదు, మీ ఇంజనీర్లు చెబుతారు. వంతెనలో మాత్రం లిఫ్టుల కరెంటు బిల్లు, గాజు తుడిచే కూలి ఏటేటా ఉంటాయని లాడ్జి నడిపేవాడిగా నాకు తెలుసు. మా మూడో అంతస్తు లిఫ్టు ఏడాదిలో ఎన్ని రోజులు ఆగిపోతుందో లెక్క రాసి పెట్టాను, కావాలంటే పంపుతాను.

ఇంకో విన్నపం. బరంపురానికి ఒక పెద్ద సమావేశ మందిరం కావాలని మేం అడుగుతూనే ఉన్నాం. రేపు మీరు ఇస్తే గనక, స్థలం చవకని జాతీయ రహదారి అవతల పొలాల్లో కట్టొద్దు. అక్కడ కడితే పంచ కుదరదు, అప్పుడు నిజంగానే వంతెనో, బస్సులో కావాలి. ఇండియానాపొలిస్ కథలో మనం పట్టుకోవాల్సింది వంతెన కాదు, హాలూ హోటళ్ళూ పక్కపక్కనే ఉండటం. స్టేషన్‌కీ, బడా బజారుకీ నడిచి వెళ్ళేంత దూరంలో చూడండి. మా అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర రోజుల్లో ఈ వీధుల్లో ఎంతమంది నడుస్తారో మీకు నేను చెప్పాలా? నడవడం మాకు కొత్త కాదు.

వానాకాలంలో మీకు గంజాం జిల్లా టూరు పడితే ఒక్క అరగంట మాకు ఇవ్వండి. కారు స్టేషన్ దగ్గరే ఆపించండి, హాలు దాకా నేను నడిపించి తీసుకెళతాను. మా రూముబాయ్ గొడుగు పట్టుకుంటాడు. డ్రైను పలక ఇంకా వెయ్యలేదు. కొబ్బరి మట్ట మాత్రం మొన్ననే కొత్తది గుచ్చాం.

ఇట్లు,
ఒక లాడ్జి యజమాని,
బరంపురం, గంజాం జిల్లా.