పొలం కొనేముందు ఒకసారి ఫోన్ చెయ్యి

చి.ల.సౌ. స్వప్నకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి షరా మామూలే. డాక్టరు రాసిన మాత్రలు వేసుకోదు, వేసుకున్నానని మాత్రం చెబుతుంది. ఫోన్‌లో ఏం చెప్పినా నువ్వు 'సరే నాన్నా, మీటింగ్ ఉంది' అని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద రాసి వాట్సాప్‌లో ఫోటో పెడుతున్నాను. అసలు నువ్వు ఫోన్ చేసి చాలా రోజులయిందిలే.

మొన్న ఓణీల ఫంక్షన్‌లో రమణ బాబాయి కలిశాడు. స్వప్నావాళ్ళు డాలస్‌లో ఐదెకరాలు చూస్తున్నారట, ఏదైనా విపత్తు వస్తే పనికొస్తాయని గరాజ్ నిండా బియ్యం బస్తాలు, నీళ్ళ డ్రమ్ములట అన్నాడు. అల్లుడుగారు ఇంట్లోనే ఉంటున్నారట అని కూడా అన్నాడు. ఇంటినుంచే పనిచేస్తారు కదా, అందులో వింతేముంది అన్నాను. సరే, అది వదిలేయ్. భూమి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వ్యవసాయ శాఖలో చేసినవాణ్ణి, మట్టి గురించి చెప్పకుండా ఉండలేను.

మీ డాలస్ కౌంటీది (కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే) మన నల్లరేగడే. నేను వచ్చినప్పుడే చూశాను కదా. మీ వీధి చివర ఆయన ఇంటి పునాది చుట్టూ చిల్లుల పైపు పరిచి నీళ్ళు పెడుతుంటే, ఇదేం ఇల్లురా, మొక్కలా నీళ్ళు పెట్టాలా అని నవ్వాను. ఆ మట్టి ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఒకప్పుడు అక్కడంతా పత్తి. వాన కూడా మన కృష్ణా జిల్లాకి దగ్గరగానే, ఏడాదికి 37 అంగుళాల దాకా. కానీ 2011 వేసవిలో వరసగా 40 రోజులు ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరింది. 1950ల కరవులో డాలస్ ఊరు రెడ్ రివర్ నుంచి ఉప్పునీళ్ళు తోడుకుని తాగింది. బోరు వేద్దామంటే అక్కడి నీటిమట్టం ఏనాడో చాలా లోతుకి పోయింది. మట్టి మంచిదే అమ్మలూ, చిక్కంతా నీళ్ళతోనే.

పైగా అది 26 లక్షల జనం ఉన్న కౌంటీ. ఏదైనా జరిగితే అందరూ ఆ నాలుగు హైవేల మీదికే ఎక్కుతారు. ఐదెకరాలు దొరికినా చాలావరకు అది ఏదో ఒక సిటీ హద్దులోకే వస్తుంది. డాలస్ సిటీలో కోడిపెట్టల్ని పెంచుకోవచ్చు గాని పుంజు కుదరదట. పుంజు లేకుండా పిల్లలెక్కడివి! పొలానికి పన్ను తగ్గాలంటే అంతకుముందు ఏడేళ్ళలో ఐదేళ్ళయినా సాగు జరిగి ఉండాలి. ఐదు నుంచి ఇరవై ఎకరాల్లోపు అయితే తేనెటీగలు పెంచినా లెక్కలోకి వస్తుంది, కానీ సిటీ హద్దులో నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. అంతగా కొనాలనుకుంటే తూర్పున కాఫ్‌మన్, వాన్ జాంట్ వైపు చూడండి. తూర్పుకి పోయేకొద్దీ వాన ఎక్కువ. ఇదంతా అల్లుడుగారికి తెలిసే ఉంటుంది, ఇప్పుడు తీరిక ఉంటే చదువుకుంటారు. తీరిక ఉందో లేదో నాకెలా తెలుస్తుంది.

నీ భయం నాకు అర్థం కాక కాదు. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ చలి, కరెంటు లేదు, పాపకి పాలు కాచడానికి కింది ఫ్లాట్ పెద్దావిడ గ్యాస్ పొయ్యే గతి. టెక్సస్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉంటుంది కాబట్టి పక్క రాష్ట్రాల నుంచి కావలసినంత కరెంటు తెచ్చుకోలేకపోయారు. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు. వాళ్ళలో కొందరు చలికి కాదు, ఇంట్లో బొగ్గులు, జనరేటర్లు పెట్టుకుని ఆ పొగకి పోయారు. నువ్వు జనరేటర్ కొంటే గరాజ్‌లో మాత్రం పెట్టొద్దు, తలుపు తీసి ఉంచినా సరే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు?

తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. నేను ఇంటర్. దివిసీమలో మా నాన్నంత జాగ్రత్తపరుడు లేడు. పెరట్లో పురి నిండా పోయినేటి ధాన్యం, అటక మీద బెల్లం, చింతపండు, రెండు డబ్బాల కిరసనాయిలు. 'ఏడాది వాన పడకపోయినా మన పొయ్యి ఆరదు' అనేవాడు. ఆ సాయంత్రం గాలి మొదలైంది. చీకటి పడ్డాక సముద్రం వచ్చింది. నీళ్ళు వచ్చాయనడానికి లేదు, గోడ నడిచొచ్చినట్టు వచ్చింది. పురి కళ్ళముందే తేలి విడిపోయింది. మా ఇల్లు తాటాకుది. దగ్గర్లో డాబా అంటే కోటయ్యగారిదొక్కటే. కోటయ్యగారితో మా నాన్నకి గట్టు తగాదా, కోర్టు దాకా పోయారు, ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. ఆ రాత్రి ఆయనే మెట్లమీద నిలబడి తన పంచె విసిరి మా అమ్మని లాగాడు, తరవాత నన్ను. మా నాన్న కాసేపు తాడిచెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాడు, పిలిస్తే రాడు! కోటయ్యగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. ఆ తిట్లకే వచ్చాడు. తెల్లవారాక డాబా మీద ఎంతమందిమో. బావిలో ఉప్పునీళ్ళు. పడిపోయిన చెట్ల కొబ్బరిబోండాలు కొట్టుకు తాగాం. హెలికాప్టర్ పొట్లాలు పడేసేదాకా కోటయ్యగారి అటక మీది అటుకులే. బురదలో దొరికిన మా ధాన్యం మొలకెత్తి కంపు కొట్టింది. ఆ చేను మళ్ళీ పంటకి రావడానికి కాలవ నీళ్ళు పెట్టి ఉప్పు కడగాల్సి వచ్చింది. తగాదా మాత్రం కోర్టులో నడుస్తూనే ఉంది, ఇద్దరూ ఒకే బస్సులో బందరు వెళ్ళేవారు.

అందుకని సామాను దాచొద్దని కాదు. మనిషికి రోజుకి ఒక గాలన్ లెక్కన రెండు వారాల నీళ్ళు పెట్టుకో. బియ్యం బస్తాల్లోనే ఉంచితే పురుగు పడుతుంది, గట్టి మూత బకెట్లలో పొయ్యి, వేపాకు ఎండినదే వెయ్యి. పాత కందిపప్పు ఉడకదు, ముందు దాన్ని వాడెయ్యి. ఆ వీధిలో ఎవరింట్లో గ్యాస్ పొయ్యి ఉందో, ఎవరు నర్సో కనుక్కో. తెలుగువాళ్ళనే కాదు, అందరినీ. నువ్వు చిన్నప్పటినుంచీ ఎవరితోనూ కలవవు.

ఇంకొకటి. హెచ్‌1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువని నాకు తెలుసు. ఆ టైమ్‌లో ఐదెకరాలకి అడ్వాన్సు కట్టే పని ఎవరూ పెట్టుకోరు, నువ్వు అసలే పెట్టుకోవు. కూరగాయలు పండించి అమ్ముదామనే ఆలోచన ఉంటే ఆ వీసా మీద కుదురుతుందో లేదో ముందు లాయర్ని అడగండి. నేనేమీ అనుకుని రాయడం లేదు. బాబాయి మాటలకి తలాతోకా ఉండదు.

అల్లుడుగారి ఉద్యోగం ఉందా లేదా? ఒక్క ముక్క మెసేజ్ పెట్టు చాలు. నీ ఎఫ్‌డీ ఇంకా బ్యాంకులోనే ఉంది, రిన్యూ చెయ్యకుండా ఆపాను. మీ అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. రమణ బాబాయి కోడలు వచ్చే నెల డాలస్ వస్తోంది, ఆవిడతో గోంగూర పచ్చడి, కందిపొడి పంపిస్తున్నాను. డబ్బాకి టేపు రెండు చుట్లు వేయించాను. పాపకి కారం తక్కువ వేసి పెట్టు.

నాన్న