బీపీ చూశారు సరే, తగ్గిందో లేదో ఎవరు చూశారు?

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక పల్లె మాది. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. నాకు లెక్కలు నేర్పింది మాత్రం మా అమ్మ కిరాణా దుకాణం. అమ్మకు అక్షరం రాదు. అయినా నూరు ఇళ్ల ఉద్దెర ఆమె యాదిలోనే ఉండేది. ఎవరు పావుకిలో చింతపండు పట్టుకుపోయారు, ఎవరు పత్తి అమ్మినాక ఇస్తామన్నారు, ఎవరు పాత బాకీలో ఎంత కట్టారు, అన్నీ. కాగితం మీద ఒక్క గీత ఉండేది కాదు. కొందరితో తెలుగు, మసీదు గల్లీ నుంచి వచ్చేవాళ్లతో ఉర్దూ, తూకం తూస్తూనే రెండూ నడిచేవి.

2021లో ఒక సాయంత్రం నేను దుకాణంలోనే ఉన్నాను. మా వాడకట్టు పిల్లగాడు 120 రూపాయల సామాను తీసుకుని 500 నోటు ఇచ్చాడు. అమ్మ వాడికి 480 తిరిగిచ్చింది. వాడు లెక్కపెట్టుకుని, "పెద్దమ్మా, ఎక్కువిచ్చినవ్" అని వంద నోటు వెనక్కి పెట్టాడు. అమ్మ ఆ నోటు పట్టుకుని చాలాసేపు చూసింది. మళ్లీ లెక్క మొదలుపెట్టింది. నూట ఇరవై... నూట ఇరవై... అక్కడే ఆగిపోయింది. గల్లాపెట్టె మూత వేసి, "తల నొస్తుంది బిడ్డా, నువ్వు చూడు" అని లోపలికి పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ గల్లా ముందు కూర్చోలేదు.

అప్పటికి ఆమెకు 61 ఏళ్లు. అంతకు రెండేళ్ల ముందు పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది. మనిషి నడుస్తోంది, తింటోంది, గండం గడిచిందనుకున్నాం. మతిమరుపును వయసు ఖాతాలో రాసేశాం.

హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టరు ఎమ్మారై ఫిల్మును లైటు ముందు పెట్టి చూపించారు. పక్షవాతం వచ్చిన చోటు చిన్నదే, చిక్కుడు గింజంత. నా కళ్లు దాని మీద నిలవలేదు. మెదడు లోపల అటూ ఇటూ, పత్తికాయ పగిలినట్టు తెల్లటి మచ్చలు. "ఇవెప్పుడొచ్చినయ్ సార్?" అంటే, "ఏళ్లుగా వస్తూనే ఉన్నాయమ్మా, చప్పుడు చేయకుండా" అన్నారు.

పక్షవాతమంటే కాలు చెయ్యి పడిపోవడమని ఊళ్లో అందరికీ తెలుసు. ఈ చప్పుడు లేని సంగతి ఎవరికీ తెలియదు. మెదడు లోతుల్లోకి పోయే రక్తనాళాలు దారప్పోగుల్లా సన్నవి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై లోపలి దారి ఇరుకైపోతుంది. కాలువ చివరి మడికి నీళ్లందనట్టు, అక్కడక్కడా మెదడు ఎండిపోతుంది. మూతి వంకర పోదు, చెయ్యి వాలదు, కాబట్టి ఎవరూ దవాఖానకు పోరు. పొయ్యి మీద పాలు మరిచిపోతారు. మాటకు ముందు కోపం వస్తుంది. కొన్నాళ్లు నిలకడగానే ఉండి, ఒకరోజు ఒక్కసారిగా ఇంకో మెట్టు దిగుతారు. అమ్మ అలాగే దిగింది. దీన్ని వాస్కులర్ డిమెన్షియా అంటారట. షుగర్, బీడీ, చుట్ట, తాగుడు, కొలెస్టరాల్, ఒళ్లు కదలకపోవడం, ఇవన్నీ అటు పక్షవాతానికీ ఇటు మతి పోవడానికీ దారులే. 32 దేశాల రోగులను చూసి 2016లో వెలువరించిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం, పక్షవాతం ముప్పులో దాదాపు 90 శాతం పది కారణాల మీదే ఆధారపడి ఉందని తేల్చింది. ఆ పదిలో అన్నిటికన్నా పెద్దది బీపీ. దాన్ని తగ్గించే అమ్లోడిపిన్ గోళీ జనౌషధి దుకాణంలో రూపాయి కూడా పడదు.

మరి అమ్మకు బీపీ ఉందని మీ శాఖకు తెలియదా? తెలుసు. 2016లో ఊళ్లో పెట్టిన క్యాంపులోనే బయటపడింది. రిజిస్టర్లో ఆమె పేరుంది, పక్కన 178/104 అని ఉంది. గోళీలిచ్చారు. మూడు నెలలు వేసుకుంది. మళ్లీ చూపించుకుంటే పైది 136కు దిగింది. "తగ్గింది కద, ఇంకెందుకు బిడ్డా? ఊకె గోళీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయ్" అని ఆపేసింది. గోళీ వేసుకోబట్టే తగ్గిందని, ఆపితే మళ్లీ ఎక్కుతుందని, కిడ్నీలు పాడయ్యేది గోళీతో కాదు బీపీతోనే అని చెప్పే మనిషి దొరకలేదు. నేను గట్టిగా పోరితే రెండుసార్లు ఆరోగ్య కేంద్రానికి పోయింది. ఒకసారి పది రోజుల గోళీలు చేతిలో పెట్టారు, ఇంకోసారి స్టాకు లేదన్నారు. రానుపోను ఆటో, పూటంతా దుకాణం బందు. పది రోజుల గోళీల కోసం పూట బేరం వదులుకునే దుకాణదారు ఎవరుంటారు సార్? నా తప్పూ ఉంది. ఆ పోరడం అప్పుడే ఆపేశాను. తర్వాత రెండేళ్లలో, రోజూ వేసుకుంటున్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ కాలమంతా అమ్మ మీ కాగితాల్లో 'గుర్తించిన రోగి'.

నా అసలు మనవి ఇదే. మీరు లెక్కపెట్టే అంకెను మార్చండి. ఎంతమందికి బీపీ చూశాం, ఎంతమందిని గుర్తించాం, ఎన్ని కిట్లు పంచాం అని జిల్లాల నుంచి మీకు అంకెలు వస్తాయి. మే 17న ప్రపంచ హైపర్‌టెన్షన్ దినం నాడు అవే ఫ్లెక్సీల మీదికెక్కుతాయి. అవి హాజరు అంకెలు. పోయినేడు గుర్తించినవాళ్లలో ఈ నెల 140/90 లోపు ఎందరున్నారన్నది ఫలితం అంకె. ఆ ఒక్కటి ప్రతి ఉపకేంద్రం గోడ మీద, సున్నం కొట్టి, నెలనెలా రాయించండి. మా బడిలో హాజరు మాత్రం రాసి పాసైనవాళ్ల సంఖ్య రాయకపోతే డీఈఓ గారు ఊరుకుంటారా?

ఇది నా సొంత తెలివి కాదు. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి ఎంచుకున్న మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఎక్కడికి పోయినా ఒకే మందుల వరస, ఒకేసారి నెలకు సరిపడా గోళీలు, రాని రోగిని వెతుక్కుంటూ పోవడం, అదుపులోకి వచ్చినవాళ్ల శాతం లెక్కించడం, ఇవే దాని పద్ధతులు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. సంతోషం. ఆ పద్ధతి మా మండలం దాకా కూడా రావాలి.

బీపీ తగ్గిస్తే మతి నిలుస్తుందా అని మీ అధికారులు అడగొచ్చు. చైనా పల్లెల్లో చూశారు. 326 ఊళ్లు, దాదాపు 34 వేల మంది. సగం ఊళ్లలో పెద్ద డాక్టర్లు కాకుండా ఊరి వైద్యులే గోళీల మోతాదు పెంచుతూ, ఇంటికి బీపీ యంత్రమిచ్చి, వెంటపడి నాలుగేళ్లు చూసుకున్నారు. ఆ ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువ వచ్చిందని 2025లో ప్రచురించారు. స్పెషలిస్టులు లేరనే సాకు అక్కడ నిలవలేదు. మన ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ఆ వైద్యులకు తీసిపోరు. వాళ్ల చేతికి గోళీలు, సమయం ఇవ్వాలి, అంతే. ఇప్పుడు ఎలా చూస్తున్నారో నేను చూశాను. ఎండలో నడిచొచ్చిన ముసలమ్మను నిలబెట్టే జాకెట్టు చేతి మీద పట్టీ చుట్టి, మాట్లాడిస్తూనే మీట నొక్కేస్తారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలని ఆ అమ్మాయికీ తెలుసు. సాయంత్రంలోగా నలభై ఇళ్ల అంకెలు ఫోన్లో ఎక్కించాలి కదా, ఎక్కడి ఐదు నిమిషాలు?

ఇక పక్షవాతం వచ్చిన రోజు సంగతి. 2019 ఆగస్టు. తెల్లవారి ఐదింటికి వాకిలి ఊడుస్తుంటే అమ్మ చేతిలోంచి చీపురు జారింది. తీసుకోబోతే మళ్లీ జారింది. తమ్ముడు ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుచుకొచ్చాడు. నీరసమని సెలైన్ పెట్టాడు. పక్కింటి పెద్దాయన పావురం నెత్తురు రాస్తే చెయ్యి లేస్తుందని పావురం కోసం మనిషిని పంపాడు. నేను చేరేసరికి ఎనిమిది. 108 వచ్చింది, వాళ్లను తప్పుపట్టను. దగ్గరి దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడ స్కాన్ లేదు. అక్కడి నుంచి ఇంకోచోటికి రాశారు. హైదరాబాద్ చేరేసరికి పన్నెండున్నర. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే వేయాలి, అంటే తొమ్మిదిన్నరకే గడువు తీరింది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయట. అమ్మది చిన్ననాళం, అదొక్కటే మా అదృష్టం.

మెదడులో గడ్డ కట్టిందా, నాళం చిట్లిందా అనేది స్కాన్ లేకుండా ఎంత గొప్ప డాక్టరూ చెప్పలేడు. చిట్లినప్పుడు ఆ సూది వేస్తే ప్రాణమే పోతుంది. అందుకే దగ్గరి దవాఖాన కాదు, స్కానూ సూదీ రెండూ ఉన్న దవాఖాన కావాలి. ఈ రాత్రి ఏ దవాఖానలో ఆ రెండూ పనిచేస్తున్నాయో ప్రతి 108 డ్రైవరు దగ్గర పట్టిక ఉండేలా చూడండి. మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా సెలైన్ పెట్టకుండా 108కి ఫోన్ చేయమని రేషన్ షాపు గోడ మీద రాయించండి. ఆర్‌ఎంపీలను మందలించడం కన్నా పిలిచి ఈ మూడు గుర్తులు నేర్పడం మేలని నా అభిప్రాయం. ఊళ్లో ముందు పిలిచేది వాళ్లనే.

ఉప్పు గురించి చెప్పకపోతే దుకాణం బిడ్డను కాను. మా దుకాణం ముందు ఉప్పు బస్తా రాత్రంతా బయటే ఉండేది, ఎవరూ ముట్టేవారు కాదు. పొద్దుగూకినాక ఉప్పు అడిగేవాళ్లూ లేరు, ఇచ్చేవాళ్లూ లేరు. పగలు మాత్రం కిలోల లెక్కన పోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది. మన తెలుగునాట మూత్రం పరీక్షించి లెక్కగడితే 9 గ్రాములు దాటింది. కల్లుప్పు అయితే ఏమీ కాదని నమ్మేవాళ్లున్నారు. సోడియం అందులోనూ అంతే ఉంటుంది. సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును చైనాలో 600 ఊళ్లలో వాడిస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, అది 2021లో వచ్చింది. అంత దూరమెందుకు, మన సిద్దిపేట జిల్లాలోనే ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మందికి అలాంటి ఉప్పే ఇచ్చి చూస్తే మూడు నెలల్లో పై బీపీ సగటున నాలుగున్నర పాయింట్లు తగ్గింది. 2013లో అమ్మహస్తం పథకం తొమ్మిది సరుకుల్లో ఒకటిగా ఉప్పు ప్యాకెట్టూ ఇచ్చేవారు. మా దుకాణం బేరం పడిపోయి అమ్మ నెలల తరబడి తిట్టుకుంది కాబట్టి నాకు బాగా గుర్తు. ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్న రేషన్ షాపులోనే ఈ ఉప్పు కూడా పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం ప్రమాదం. టెల్మిసార్టాన్ లాంటి గోళీలు వాడేవాళ్లూ డాక్టరును అడిగే వాడాలి. ప్యాకెట్టు మీద ఆ సంగతి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇంకో చిన్న మాట. మతి పోవడానికి ఆపదగిన 14 కారణాలని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పినవాటిలో చూపు తగ్గడం ఉంది, చెవుడూ ఉంది. 2018లో మొదలైన కంటివెలుగులో ఊరూరా అద్దాలిచ్చారు. అది పాత ప్రభుత్వం పెట్టిందనేది పక్కన పెడితే, తెలిసో తెలియకో మతికి కూడా మంచే చేసింది. చెవులకు అలాంటిది లేదు. అమ్మకు కుడిచెవి సరిగా వినబడక నలుగురిలో కూర్చోవడం మానేసి చాలా ఏళ్లయింది.

నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో ప్రకటించింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. చదివినప్పుడు అమ్మ తెలుగు, ఉర్దూ కలిపి బేరం చేయడం యాదికొచ్చింది. ఆ రెండు భాషలు ఆమెకు కొన్నేళ్లు కలిపే ఉంటాయి. ఆపేసిన గోళీలు వాటిని తిరిగి తీసేసుకున్నాయి.

ఇప్పుడు అమ్మ బీపీ 130 దాటదు. గోళీ నేనే వేస్తాను. దుకాణం తమ్ముడి భార్య చూస్తోంది, ఉద్దెర నోటుబుక్కులో రాస్తోంది. అమ్మ అప్పుడప్పుడు పోయి గల్లా పక్కన కూర్చుని, వచ్చినవాళ్లను "అస్లాం భాయ్ కొడుకువా?" అని అడుగుతుంది. అస్లాం భాయ్ కొడుకు కాకపోయినా వాళ్లు అవునంటారు.

మా ఉపకేంద్రంలో బీపీ యంత్రం సెల్లులు అయిపోయి మూలన పడి ఉంటే పోయిన నెల నాలుగు పెన్సిల్ సెల్లులు కొనిచ్చాను. అవి ఎన్నాళ్లో ఆగవు. తర్వాతివి ఎవరు కొనాలో, ఏ పద్దు కింద కొనాలో అక్కడి సిస్టరుకు కూడా తెలియదట. దానికో ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణం బిడ్డ, లెక్కల టీచర్
ఉమ్మడి మెదక్ జిల్లా