2025 వార్షిక నివేదిక: "కారణం రాసివ్వండి"

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. సభలు, ర్యాలీలు కాస్త తగ్గించి, ఉద్యోగాల దగ్గర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు జరుగుతున్న వివక్ష మీదే ఏడాదంతా కూర్చుందాం అనుకున్నాం. ర్యాలీలు తగ్గాయని కొందరికి కోపంగా ఉందని నాకు తెలుసు. ఈ ఏడు ఫొటోలు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. ఆ ఫైళ్లు తిరగేస్తే తెలిసిందేమిటంటే, మనల్ని వద్దనుకున్నవాళ్లు ఆ మాట నోటితో అనరు, కాగితం మీద అసలే పెట్టరు. "మళ్లీ ఫోన్ చేస్తాం" అంటారు. "పోస్టు హోల్డ్‌లో పడింది" అంటారు. మరీ మంచివాళ్లయితే "మాకేం అభ్యంతరం లేదమ్మా, కస్టమర్లే ఇబ్బంది పడతారు" అంటారు. అందుకే ఈ సంవత్సరం మన పనంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది: కారణం రాసివ్వండి.

ఒక ఫైలు

సభ్యురాలి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, సంస్థ చెప్పడం లేదు.

అకౌంట్స్‌లో ఉద్యోగం. రాత పరీక్ష, రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి, ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చింది. చేరాల్సిన రోజు ఉదయం హెచ్‌ఆర్ మేడం సర్టిఫికెట్లు ఒక్కొక్కటే టేబుల్ మీద పరిచింది. డిగ్రీ మీద పాత పేరు, గుర్తింపు కార్డు మీద కొత్త పేరు. పదో తరగతి నాటి ఫొటో ఒకవైపు, ఎదురుగా చీర కట్టుకుని కూర్చున్న మనిషి ఒకవైపు. "ఈ ఫొటోలో అబ్బాయి ఎవరు?" అని అడిగింది. "నేనే మేడం." ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. ఫైలు మెల్లగా మూసి, మంచినీళ్లు తెప్పించింది. అంత మర్యాదగా ఇంటికి పంపించేశారు. ఆ రోజు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెండింగ్" అన్న ఒకటే జవాబు.

నెల దాటాక ఆమె మన దగ్గరికొచ్చింది. సంఘం తరఫున పెద్ద లేఖ రాద్దామని కమిటీలో కొందరన్నారు. నేను వద్దన్నాను. ఆమె పేరు మీదే రెండు వాక్యాల మెయిల్ పంపించాం: ఏ పత్రం తక్కువైంది? ఏ తేదీలోగా తేల్చి చెబుతారు? మూడో రోజు ఫోన్ వచ్చింది, పోస్టు ఆగిపోయిందని. ఆ మాట మెయిల్లో పెట్టమని అడిగాం. పెట్టలేదు. మళ్లీ అడిగాం. నాలుగోసారికి వచ్చింది: "పేర్లు సరిపోలనందున ఆఫర్ ఉపసంహరించుకుంటున్నాం." ఉద్యోగం రాలేదన్న ఉత్తరం చూసి జనం సంతోషించడం నేను అప్పుడే చూశాను. ఎందుకంటే అది అబద్ధం, పైగా రాతలో ఉన్న అబద్ధం. పేరు మార్పు గెజిట్ కాపీ, జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చిన గుర్తింపు సర్టిఫికెట్ రెండూ మొదటి రోజే ఆమె ఇచ్చింది. ఇచ్చినట్టు వాళ్ల హెచ్‌ఆర్ సంతకమే ఉంది.

ఆ కాగితాలన్నీ కలిపి, చట్టంలోని సెక్షన్ చూపించి ఇంకో ఉత్తరం రాశాం. రెండు వారాలకు చేరమని కబురొచ్చింది. ఇప్పుడు ఆమె అక్కడే పనిచేస్తోంది. మధ్యాహ్నం లంచ్ దగ్గర మాత్రం ఇంకా ఒక్కతే కూర్చుంటోందట. దానికి ఏ అర్జీ పెట్టాలో మనకింకా తెలియదు.

అన్ని ఫైళ్లూ ఇలా తెమల్లేదు. చాలావాటిలో రాతపూర్వకంగా ఒక్క ముక్క కూడా రాబట్టలేకపోయాం.

చట్టం ఏం చెబుతోంది, ఎక్కడ ఆగిపోతోంది

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో లింగంగా గుర్తిస్తూ ఇచ్చిన నల్సా తీర్పు మన సభ్యులందరికీ నోటికి వచ్చు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం మాత్రం చదివినవాళ్లు తక్కువని మొదటి అధ్యయన తరగతిలోనే తేలిపోయింది. అది అమల్లోకి వచ్చింది 2020 జనవరి 10న. తొమ్మిదో సెక్షన్ ప్రకారం నియామకం, ప్రమోషన్ సహా ఉద్యోగానికి సంబంధించిన ఏ విషయంలోనూ ఏ సంస్థా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై వివక్ష చూపకూడదు. ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది. పదకొండో సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిన 15 రోజుల్లో ఆ అధికారి విచారించాలని, నివేదిక వచ్చాక మరో 15 రోజుల్లో సంస్థ అధిపతి చర్య తీసుకోవాలని 2020 నియమాలు చెబుతున్నాయి. సమాన అవకాశాల విధానం ఒకటి రాసిపెట్టుకుని అందరికీ కనిపించేలా ఉంచాలి. టాయిలెట్లు, భద్రత, ఉద్యోగి వివరాల గోప్యత, ఇవన్నీ అందులో ఉండాలి.

ఇంత బాగున్న చట్టంలో పెద్ద చిల్లు ఒకటుంది. తొమ్మిదో సెక్షన్ ఉల్లంఘిస్తే ఇదీ శిక్ష అని చట్టం ఎక్కడా చెప్పలేదు. శిక్షలున్న పద్దెనిమిదో సెక్షన్‌లో వెట్టిచాకిరీ, ఇంట్లోంచి గెంటేయడం, శారీరక హింస లాంటివి ఉన్నాయి గానీ ఉద్యోగం ఇవ్వకపోవడం లేదు. ఈ సంగతి తెలిసిన లాయర్లు యజమానుల వైపు చాలామందే ఉన్నారు.

మీ ఫిర్యాదుల అధికారి ఎవరో చెప్పండి అని ఈ ఏడు మనం కొన్ని సంస్థలకు ఉత్తరాలు రాశాం. ఎక్కువమంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్లలో కొందరు మహిళలపై లైంగిక వేధింపుల కమిటీ వివరాలు పంపారు. అది వేరే చట్టం, వేరే కమిటీ అని మళ్లీ రాశాం. ఒక చోట మాత్రం నిజంగానే అధికారిని నియమించి, నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం ఫొటో తీసి పంపారు. ఆ సంస్థలో మనవాళ్లు ఒక్కరు కూడా పనిచేయడం లేదన్నది వేరే సంగతి.

చదివిన తీర్పులు

నెలకో తీర్పు చదువుదామనుకున్నాం, అన్ని నెలలూ కుదరలేదు. చదివినవాటిలో మనవాళ్లకు బాగా పట్టింది 1996 నాటి యూరోపియన్ న్యాయస్థానం తీర్పు. ఇంగ్లండులో కార్న్‌వాల్ కౌంటీ కౌన్సిల్ నడిపే ఒక విద్యాసంస్థలో పనిచేసే మేనేజరు, తాను స్త్రీగా మారబోతున్నానని 1992లో పైఅధికారికి చెప్పింది. తర్వాత కొన్ని నెలలకే ఉద్యోగం పోయింది. పోస్టు అవసరం లేదు కాబట్టి తీసేశామని యాజమాన్యం వాదించింది. పోస్టు మిగులన్నది నిజమే గానీ తీసేయడానికి అసలు కారణం లింగమార్పిడేనని అక్కడి ట్రిబ్యునల్ తేల్చింది. అలా తీసేయడం స్త్రీపురుష వివక్ష కిందికే వస్తుందని యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. "పోస్టు హోల్డ్‌లో పడింది అన్న మాట అప్పట్నుంచీ ఉందన్నమాట" అని వెనక వరుసలోంచి ఒక అక్క అనగానే తరగతి అంతా నవ్వింది.

అమెరికాలో ఐమీ స్టీఫెన్స్ కథ వేరు. అంత్యక్రియలు జరిపించే సంస్థలో పనిచేస్తూ, ఇకమీదట స్త్రీగానే పనికి వస్తానని 2013లో యజమానికి ఉత్తరం రాసింది. రెండు వారాల్లో తీసేశారు. ఆ యజమాని కారణం దాచుకోలేదు, ప్రమాణం చేసి మరీ చెప్పాడు. 2020 జూన్ 15న ఆ దేశ సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఆమె వినలేదు, మే నెలలోనే పోయింది. ఈ 2025లో అక్కడ గాలి తిరిగింది. ట్రాన్స్ ఉద్యోగుల తరఫున తానే వేసిన కొన్ని దావాలను అక్కడి ప్రభుత్వ ఉపాధి సమానావకాశాల సంస్థ వెనక్కి తీసుకుంది. 2020 తీర్పు మాత్రం అలాగే ఉంది.

మన దగ్గర అక్టోబరు 17న వచ్చిన జేన్ కౌశిక్ తీర్పు ఈ ఏటి పెద్ద వార్త. ట్రాన్స్ మహిళ కావడంవల్లే ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి, గుజరాత్‌లో ఇంకో బడి తనను వదిలించుకున్నాయంటూ కోర్టుకెళ్లిన టీచర్ ఆమె. చట్టం చేసి అమలు వదిలేసినందుకు సుప్రీంకోర్టు ప్రభుత్వాలను తప్పుపట్టింది, ఆమెకు పరిహారం ఇప్పించింది. సమాన అవకాశాల విధానం తయారుచేయడానికి ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆశా మేనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీకి మన ఫైళ్లను, పేర్లు తీసేసి, పంపాలని కార్యవర్గం తీర్మానించింది.

ఇంటర్వ్యూ తరగతులు

వీటికే అన్నిటికంటే ఎక్కువమంది వచ్చారు. "ఆపరేషన్ అయిందా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ప్రాక్టీసు చేశాం. "ఈ పనికీ దానికీ సంబంధం ఏమిటో చెప్తారా సార్?" అని గొంతు పెంచకుండా అడగడం వినడానికి తేలిక. మొదటిసారి నేనే అనలేకపోయాను. ఉద్యోగం పోగొట్టుకున్న నా పాత ఇంటర్వ్యూ గది కళ్లముందుకొచ్చింది.

రిజర్వేషన్ గురించి

ఈ చర్చ తెగలేదు. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం కేటాయించింది. అదే ఏడు అర్జెంటీనా కూడా ప్రభుత్వ రంగంలో ఒక శాతానికి చట్టం చేసింది. మన దగ్గరా అదే అడగాలని సగంమంది, మనలో ఎక్కువమంది వెతికేది ప్రైవేటులో కాబట్టి అదొక్కటీ చాలదని సగంమంది. నేను రెండో సగంలో ఉన్నాను. ఉద్యోగం ఇస్తే సరిపోదని 2017లో కొచ్చి మెట్రో చూపించింది. 20 మందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తీసుకుంటే, అద్దెకు ఇల్లు దొరక్క కొందరు కొద్దిరోజులకే మానేశారు.

మన లోపం

ట్రాన్స్ పురుషులను మనం దాదాపు పట్టించుకోలేదు. వాళ్ల కోసం పెట్టిన ఒకే ఒక్క సమావేశానికి ఇద్దరొచ్చారు. వారిలో ఒకరు, "మీ పిలుపులో 'అక్కచెల్లెళ్లారా' అని ఉంది, నన్ను కాదనుకున్నా" అన్నారు. ఆ పిలుపు రాసింది నేనే. ఇకనుంచి పిలుపులన్నీ వాళ్లు కూడా చూశాకే బయటికి వెళ్తాయి.

జమాఖర్చుల పట్టిక, ఆడిటర్ నివేదిక విడిగా జతచేశాం. లీగల్ ఖర్చు పెరిగింది, హాలు అద్దె తగ్గింది.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్న ఆఫర్ లెటర్లు, తిరస్కరణ మెయిళ్లు, మెమోలు, పాతవైనా సరే, జిరాక్సు తీసుకురండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మాకు కూడా.

ఇట్లు,
కార్యదర్శి