కొన్న వంతెన, కట్టిన వంతెన

సంపాదకుల వారికి,

నమస్కారం. దసరా సెలవుల తర్వాత బడులు తెరిచిన వారంలో రీఫిల్లు కోసం మా వీధి స్టేషనరీ దుకాణానికి వెళితే, అద్దాల బీరువాలో థర్మోకోలు అగ్నిపర్వతాలు, గాలిమరలు, వంతెనలు ధరల చీటీలతో సహా బారులు తీరి కనిపించాయి. ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలిని బడిలో వంతెన నమూనా చేసి తెమ్మన్నారట. తన తోటి పిల్లల్లో చాలామంది ఆ బీరువాలోని వంతెననే రంగు మార్చి తీసుకెళ్లారు, అందరికీ మార్కులు పడ్డాయి, దాని మీద కాస్త బరువు పెట్టి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఇది నాకు మింగుడుపడక ఈ లేఖ రాస్తున్నాను.

మా మనవరాలికి నేను ఇచ్చినవి తెల్లకాగితాలు, రెండు పుస్తకాల దొంతరలు, చిల్లర డబ్బా. దొంతరల మధ్య జానెడు ఖాళీ వదిలి, ఒక కాగితం పరిచి, మధ్యలో రూపాయి బిళ్ళలు పెట్టమన్నాను. రెండో బిళ్ళకే కాగితం బాగా వంగి బిళ్ళలతో సహా కిందికి జారిపోయింది. అదే కాగితాన్ని విసనకర్రలా వేలెడు వెడల్పు మడతలు పెట్టి పరిస్తే పది బిళ్ళల దాకా మోసి, ఆపైన మడతలు పక్కలకు విచ్చుకుని చతికిలబడింది. నేను నోరు మెదపలేదు. తను కాసేపు వంగి వంగి చూసి, అడుగున ఇంకో కాగితం పట్టీని మైదా జిగురుతో అడ్డంగా అతికించి, ఆరేదాకా ఆగింది. ఇక మడతలకు విచ్చుకునే వీలు లేకపోవడంతో పాతిక బిళ్ళలు నిలిచాయి. పెరట్లో కొట్టం మీది రేకులకు అలలు ఎందుకున్నాయో ఆ సాయంత్రం నేను అడగకుండానే తనే చెప్పింది. స్కేలును పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. వెడల్పు రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు రెట్టింపే అవుతుంది కానీ, ఎత్తు రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. పెంకుటింటి దూలాన్ని నిలువుగా వేసే వడ్రంగి ఈ లెక్క పుస్తకంలో చదవకపోయినా అతని చేతికి అది తెలుసు. అంగట్లో కొన్న వంతెన కూలదు కనుక, ఎందుకు కూలిందన్న ప్రశ్నా పుట్టదు. నా అభ్యంతరమల్లా అదే.

ముంజలు తినేసిన తాటికాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ పరుగెత్తిన మా తరానికి ఒక సంగతి బాగా తెలుసు: ఒక కాయ చిన్నదైతే బండి నేరుగా పోదు, చిన్నకాయ వైపే తిరుగుతుంది. తాటికాయ దొరకని పిల్లలకు కాగితపు టీ కప్పులు చాలు. రెండు కప్పుల మూతులు కలిపి అతికించి, రెండు కర్టెన్ కడ్డీలను పట్టాల్లా కాస్త వాలుగా పెట్టి దొర్లిస్తే, ఆ జోడీ పక్కకు ఒరిగినా తనంతట తానే మధ్యకు వస్తుంది. అడుగులు కలిపి అతికిస్తే కాస్త దూరం పోకముందే పట్టా తప్పుతుంది. మూతులు కలిపిన జోడీ ఎడమకు జరిగినప్పుడు ఎడమ పట్టా మీదికి లావుపాటి భాగం వస్తుంది, అది ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది కనుక జోడీ మళ్లీ కుడికి తిరుగుతుంది. రైలు చక్రాన్ని లోపలి వైపు లావుగా, బయటికి సన్నబడుతూ తయారుచేసేది ఇందుకే. చక్రం లోపలి వైపు పొడుచుకొచ్చి ఉండే అంచు ఒక్కటే రైలును పట్టాల మీద నిలుపుతుందని పెద్దవాళ్లే చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆఖరి కాపలా మాత్రమే.

చీపురుపుల్లలు నాలుగింటితో చతురస్రం కడితే వేలితో తోయగానే పక్కకు ఒరిగిపోతుందని, మూలకు మూల ఇంకో పుల్ల వేస్తే కదలదని ఏ పిల్లవాడైనా పది నిమిషాల్లో కనిపెడతాడు. కీళ్లకు నానబెట్టిన బఠాణీలు వాడవచ్చు, ఎండేకొద్దీ అవి పుల్లను బిగించి పట్టుకుంటాయి. కిండర్‌గార్టెన్‌కు ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే పిల్లల చేత ఈ పని చేయించాడు. మన దేశంలో, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలను, మందు గీకేసిన అగ్గిపుల్లలను ఇదే పనికి వాడి చూపించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మా ఊళ్లో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదుగా వెళ్లేటప్పుడు రైలు కిటికీ ముందు నుంచి పరుగెత్తే ఏటవాలు ఉక్కు కమ్ములు ఆ మూలకు మూల వేసిన పుల్లలే.

బడి పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసేందుకు 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉంది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ ల్యాబు రాని బడికి మాత్రం పాత పేపర్లు, పుల్లలు ఎలాగూ ఉన్నాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వడ్రంగి, కుమ్మరి వంటి చేతిపనివారి దగ్గర నేర్చుకునేందుకు పుస్తకాల సంచీ లేని పది రోజులు సూచించింది. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ప్రాజెక్టును ఇంటికి పంపకండి, తరగతిలోనే మీ కళ్లెదుట చేయించండి, మార్కులు అందానికి కాక ఎన్నిసార్లు కూలింది, ప్రతిసారీ ఏం మార్చారు అన్నదానికి వేయండి. ఇంటికి పంపితే ఆ పని తల్లిదండ్రులకో, అద్దాల బీరువాకో పోతుంది.

మీకూ ఒక మనవి ఉంది. మీ ఆదివారం సంచికలోని పిల్లల పేజీలో చుక్కలు కలిపే బొమ్మ పక్కన వారానికొక కట్టుడు పని ప్రచురించగలరేమో చూడండి. మొదటి వారానికి ఇది పనికొస్తుంది: ఆ రోజు పేపరులోని ఒకే ఒక్క షీటును, కాస్త జిగురును మాత్రం వాడి, నీళ్లు నింపిన స్టీలు గ్లాసును నేలకు జానెడు ఎత్తున నిలబెట్టాలి. జవాబు పై వారం వేయనక్కరలేదు, గ్లాసే చెబుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం